తల్లికి తీరిక ఇస్తేనే బిడ్డకు పాలు



‘‘పాలు చాలడం లేదండీ.’’

సింగరాయకొండలో గానీ, చుట్టుపక్కల టంగుటూరు, జరుగుమల్లి, ఉలవపాడు పల్లెల్లో గానీ, పురుడు జరిగిన ఇంటికి వెళితే ముందు చెవిన పడే మాట ఇదే. గమనించి చూడండి, ఈ మాట మొదట తల్లి నోట రాదు. బిడ్డను చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ అంటుంది, పక్కింటి పిన్ని అంటుంది. ‘‘వీడు ఆకలికి ఏడుస్తున్నాడు, దీనికి పాలు పడినట్టు లేవు’’ అని మంచం పక్కనే నిలబడి తేల్చేస్తారు. నాలుగు నోళ్ల నుంచి వినేసరికి ఆ పిల్ల కూడా నిజమేననుకుంటుంది. సాయంత్రానికి మెడికల్ షాపు నుంచి పాలపొడి డబ్బా, సీసా, రబ్బరు పీక వచ్చేస్తాయి. నెల తిరిగేసరికి పాలు నిజంగానే తగ్గిపోతాయి. ‘‘మేం ముందే చెప్పాంగా’’ అంటారు అందరూ.

ఆ పాలు వాటంతటవి తగ్గలేదు, తగ్గేటట్టు మనం చేశాం. ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఇదే. బిడ్డకు పాలివ్వడం తల్లి చేసే పని. ఆమె ఇవ్వగలిగేటట్టు చూడడం ఇంటిల్లిపాది పని, ఆసుపత్రి పని, ఆమెను కూలికి పిలిచే రైతు పని. మన వంతు మనం చెయ్యకుండా ఆమె వంతు ఆమెను అడగడం న్యాయం అనిపించుకోదు.

ముందు పాలు ఎలా వస్తాయో చూద్దాం. అది తెలిస్తే సగం భయం పోతుంది.

మన పాకల వైపు సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో దొరువులు తవ్వుకుంటారు. తోడే కొద్దీ నీరు ఊరుతుంది. తోడడం మానేస్తే ఊట పూడిపోతుంది. రొమ్ము కూడా అంతే. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి మెదడుకు కబురు వెళుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలను తయారు చేస్తుంది. ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను ఆ పాలను చేపుకు తెస్తుంది. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఊరుతుంది. అందుకే ‘పాపం, రాత్రి నిద్ర పోనీ’ అని రాత్రి పాలు మాన్పించి సీసా పెడితే, మరునాటి పాలకు గండి పడుతుంది. ఇక ఆక్సిటోసిన్‌కు దిగులు పడదు, నొప్పి పడదు, భయం పడదు. ‘నీకు పాలు లేవు’ అని పదే పదే అంటే ఉన్న పాలు కూడా చేపుకు రావు. మాట మందులా పనిచేస్తుంది, విషంలా కూడా పనిచేస్తుంది. బాలింత విషయంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

పుట్టిన రోజు బిడ్డ పొట్టలో పట్టేది ఒక చెంచాడే. ఆ రోజు తల్లికి వచ్చేవి కూడా చుక్కలే. చిక్కగా, పసుపుపచ్చగా ఉండే ముర్రుపాలు. ఆ చుక్కల్లోనే బిడ్డను జబ్బుల నుంచి కాపాడే రక్షక పదార్థాలు ఉంటాయి, విటమిన్ ఎ ఉంటుంది. నల్లటి తొలి విరోచనం సాఫీగా వెళ్లడానికీ అవే పనికొస్తాయి. పాలు నిండుగా దిగేది మూడో రోజో, నాలుగో రోజో. తొలిచూలు వాళ్లకూ, సిజేరియన్ అయినవాళ్లకూ ఇంకొక రోజు అటూ ఇటూ కావచ్చు. ఈలోగా బిడ్డ బరువు కొంచెం తగ్గుతుంది. పుట్టిన బరువులో పదో వంతుకు మించకపోతే అది మామూలే, రెండు వారాలు తిరిగేలోగా తిరిగి వచ్చేస్తుంది. సరిగ్గా ఈ రెండు మూడు రోజుల సందులోనే డబ్బా ఇంట్లో అడుగు పెడుతుంది. ఈ నాలుగు రోజులు తల్లిని ధైర్యంగా దాటించగలిగితే చాలా ఇళ్లలో డబ్బా అవసరమే రాదు.

మరి పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపును బట్టి మాత్రం తేల్చకండి. ఉక్కపోసినా ఏడుస్తారు, గుడ్డ తడిసినా ఏడుస్తారు, ఎత్తుకోమనీ ఏడుస్తారు. సాయంత్రం పూట ఊరికే చిరచిరలాడే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. చూడాల్సింది పొత్తిగుడ్డల్ని. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా తేటగా ఒంటేలు పోస్తుంటే, నెలనెలా బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ మగతగా పడి ఉండి పాలకు లేవకపోయినా, గుడ్డలు తడవడం తగ్గినా, ఒంటేలు ముదురు పసుపు రంగులో ఉన్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇప్పుడు అడ్డంకుల సంగతికి వద్దాం. మొదటి అడ్డంకి కాన్పు గదిలోనే ఎదురవుతుంది.

పుట్టిన గంటలోపు పాలు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ వద్దని, ఆ తర్వాత మెత్తని ఆహారంతో పాటు రెండేళ్ల వరకూ, ఆ పైన కూడా కొనసాగించవచ్చని చెబుతోంది. మన రాష్ట్రంలో ఇంటి కాన్పులు దాదాపు పోయాయి, అందరూ ఆసుపత్రికే వెళుతున్నారు. మరి గంటలోపు పాలు పట్టడం సులువు కావాలి కదా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, దేశం మొత్తం మీద గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 42 మంది కూడా లేరు. డాక్టర్లూ నర్సులూ చుట్టూ ఉండగా జరిగే కాన్పుల్లో ఈ పరిస్థితి.

దీనికి ఒక కారణం సిజేరియన్లు. అదే సర్వేలో దేశం సగటు నూటికి 21 సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60. ఆపరేషన్ అయిన తల్లి థియేటర్లో ఉంటుంది, బిడ్డ బయట వరండాలో అమ్మమ్మ చేతుల్లో ఉంటుంది. ‘తల్లి వచ్చేసరికి చాలాసేపు పడుతుంది, ఈలోగా కాస్త పడదాం’ అని తేనె చుక్క, పంచదార నీళ్లు, లేదంటే డబ్బా పాలు. వెన్నులో మత్తిచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుందమ్మా. ఆమెను పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, బిడ్డను పక్కన పడుకోబెట్టి రొమ్ము అందించడానికి ఒక మనిషి చాలు. కుట్లు నొప్పి పెడుతుంటే బిడ్డను చంక కిందుగా, కాళ్లు తల్లి వీపు వైపు ఉండేటట్టు పట్టుకుంటే పొట్ట మీద బరువు పడదు. కాన్పుకు వెళ్లే ముందే డాక్టరు గారినీ నర్సమ్మనూ ఒక మాట అడిగి పెట్టుకోండి: ‘బిడ్డను ఎంతసేపట్లో తల్లి దగ్గరికి తెస్తారు?’ అని. అడిగే హక్కు మీకుంది. కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో మొదలుపెట్టిన ‘మా’ కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే, ప్రతి కాన్పు ఆసుపత్రిలో తల్లికి పాలిచ్చే విషయంలో చేయూత దొరకాలని.

తొలి చుక్కగా తేనె, ఆముదం, పంచదార నీళ్లు పెట్టడం మన తాతల నాటి అలవాటు. మన వైపు ఇంకొకటి కూడా ఉంది. గాడిదను వీధిలోకి తోలుకొచ్చి, అక్కడికక్కడే పితికి, పసిపిల్లలకు పట్టమని పాలు అమ్ముతారు. ఉబ్బసం రాదని, గొంతు బాగుంటుందని కొంటారు. పెట్టేవాళ్ల ప్రేమను నేను తప్పు పట్టను. కానీ ఆ పాలలో కొవ్వు చాలా తక్కువ. కాచకుండా పట్టే పచ్చిపాలతో వచ్చే సూక్ష్మజీవులను పసిగుడ్డు పేగులు తట్టుకోలేవు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు రాయకూడదు, అందులో ఉండగల ఒక రకం బాక్టీరియా చంటిపిల్లలకు ప్రాణం మీదికి తెస్తుంది. తొలి చుక్క ముర్రుపాలే కానివ్వండి.

రెండో అడ్డంకి నొప్పి. దీని గురించి ఆడవాళ్లం ఒకరికొకరం కూడా చెప్పుకోం. చనుమొన పగిలి నెత్తురు చిమ్ముతున్నా పళ్లు బిగపట్టి పాలిచ్చే పిల్లల్ని చూశాను. ‘అందరికీ అంతే, ఓర్చుకో’ అంటారు. ఓర్చుకోవాల్సిన పని లేదు. నొప్పి పుడుతోందంటే చాలాసార్లు బిడ్డ సరిగ్గా పట్టలేదని అర్థం.

బిడ్డ రొమ్ము పట్టే తీరు వివరంగా చెబుతాను, వింటూ ఊహించుకోండి. తల్లి గోడకు ఆనుకుని, నడుం వెనక దిండు పెట్టుకుని కూర్చోవాలి. ముందుకు వంగి రొమ్మును బిడ్డ నోటికి అందించకూడదు, బిడ్డనే దగ్గరికి తెచ్చుకోవాలి. బిడ్డ ఒళ్లంతా తల్లి వైపు తిరిగి ఉండాలి. పొట్టకు పొట్ట ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి. మెడ పక్కకు తిప్పి మింగమంటే పెద్దవాళ్లకే గొంతు దిగదు, పసిబిడ్డకు ఎలా దిగుతుంది? చనుమొనను బిడ్డ పై పెదవికి తాకించి ఆగాలి. నోరు బాగా పెద్దగా తెరిచేదాకా ఓపిక పట్టాలి. తెరవగానే, చనుమొనతో పాటు దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా వీలైనంత నోట్లోకి వెళ్లేటట్టు దగ్గరికి తీసుకోవాలి. సరిగ్గా పట్టిందంటే గడ్డం రొమ్ముకు ఆనుతుంది. కింది పెదవి బయటికి తిరుగుతుంది. బుగ్గలు లోపలికి పోకుండా నిండుగా ఉంటాయి. ముందు గబగబా చీకుతుంది, చేపు రాగానే నెమ్మదిగా, లోతుగా చీకుతూ మింగుతుంది. గుటక వేసిన చప్పుడు తల్లికి వినబడుతుంది. నొప్పి పుడితే బిడ్డ నోటి మూల నుంచి చిటికెనవేలు మెల్లగా లోపలికి పెట్టి, పట్టు విడిపించి, మళ్లీ పట్టించాలి. రెండు మూడుసార్లు అయినా పరవాలేదు.

పాలు ఒక్కసారిగా దిగి రొమ్ము రాయిలా గట్టిపడితే, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు వేసి, చేత్తో కొంచెం పాలు పిండేసి, నల్లని భాగం మెత్తబడ్డాక బిడ్డకు పట్టండి. ఒకచోట ఎర్రబడి, సలుపుతూ, చలిజ్వరం వస్తే డాక్టరుకు చూపించుకోవాలి. అప్పుడు కూడా పాలివ్వడం ఆపకూడదు. ఆపితే గడ్డ ముదురుతుంది. చనుమొన లోపలికి ఉన్న తల్లులు దిగులు పడనక్కర్లేదు. సిరంజితో దాన్ని బయటికి తెచ్చే సులువైన పద్ధతి నర్సమ్మలకు తెలుసు, అడగండి. పగుళ్లకు పాలిచ్చాక చివరి చుక్క రాసి ఆరనివ్వండి, అదే మందు.

ఇవన్నీ పుస్తకం చదివి నేర్చుకునేవి కావు, పక్కన కూర్చుని చూపించే మనిషి ఉండాలి. ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలని నియమం ఉంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ బరువు చూపించి పంపెయ్యకండి. ‘ఒకసారి పాలు పట్టేటప్పుడు చూడవమ్మా’ అని కూర్చోబెట్టండి.

మూడో అడ్డంకి ఇల్లు. ఇక్కడ అత్తగార్లతో, అమ్మమ్మలతో, నాయనమ్మలతో మనసు విప్పి మాట్లాడతాను.

బాలింతకు పథ్యం పెట్టడంలో మన పెద్దల శ్రద్ధకు చెయ్యెత్తి మొక్కాలి. వెల్లుల్లి కారం, మునగాకు, మెంతులు, కాయం, సముద్రం పక్క పల్లెల్లో పాలసొర పుట్టు. ప్రేమగా వండి పెట్టింది తింటే తల్లికి బలమే. కానీ కొన్ని ఇళ్లలో పథ్యం పేరుతో నెలల తరబడి ఎండుకారంతో రెండు ముద్దలు, గ్లాసుడు నీళ్లు. ‘నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, బిడ్డకు జలుబు చేస్తుంది’ అంటారు. మే నెలలో మన ఎండలకు మామూలు మనిషికే నాలుక పిడచకట్టుకుపోతుంది. పాలలో చాలా భాగం నీరే. ఆమె దాహాన్ని కట్టడి చేస్తే ఆమె నీరసిస్తుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు 600 క్యాలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే మామూలు తిండి మీద ఇంకో పూట తిండి. పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, పెరుగు అన్నీ పెట్టండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు ఆమెకే అందేటట్టు చూడండి, ఇంట్లో అందరికీ పంచకండి. ఇంకో మాట. ఎండాకాలమైనా సరే, ఆరు నెలలు నిండని బిడ్డకు నీళ్లు అవసరం లేదు. దాహమైనా ఆకలైనా తల్లిపాలే తీరుస్తాయి. డాక్టరు రాసిన చుక్కల మందు తప్ప గ్రైప్ వాటర్ కూడా వద్దు.

మన ఆచారం ప్రకారం తొలికాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి తల్లినీ బిడ్డనూ అత్తవారింటికి పంపుతాం. పుట్టింట్లో మంచం దిగనివ్వని పిల్ల, అక్కడికి వెళ్లిన మరునాటి నుంచే కల్లాపి చల్లి, వంట చేసి, గుడ్డలుతికి, గేదె పని చూసి, మధ్యలో బిడ్డకు పాలివ్వాలి. పాలివ్వడానికి గదిలోకి వెళితే ‘ఎంతసేపు కూర్చుంటుంది’ అని బయట గొణుగుడు. మామగారి ముందు, మరిది ముందు కూర్చోలేదు. బిడ్డ ఏడుస్తున్నా పని అయ్యేదాకా ఆగుతుంది. అలా ఒక పూట తప్పుతుంది, రెండు పూటలు తప్పుతాయి. పాలు తగ్గినట్టు మనకు కనిపించే నెల చాలా ఇళ్లలో ఇదే. అత్తగారూ, మీ కోడలికి పట్టుచీర కొనకపోయినా పరవాలేదు. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పొద్దున వంట మీరు చూసుకోండి. పాలిచ్చే వేళ ఎవరూ పిలవకుండా చూడండి. దాన్ని మించిన సారె లేదు.

అన్నప్రాసన గురించి కూడా ఒక మాట. మగపిల్లలకు సరి నెల, ఆడపిల్లలకు బేసి నెల అని పెడతారు. అందువల్ల చాలామంది ఆడపిల్లలకు ఐదో నెలలోనే అన్నం ముట్టించి, అప్పటి నుంచి తినిపించడం మొదలుపెడతారు. బేసి నెలే కావాలంటే ఏడో నెలలో పెట్టుకోండి. అంటే ఆరు నెలలు నిండి ఏడో నెల నడుస్తున్నప్పుడు. మగపిల్లవాడికీ ఆరు నిండనివ్వండి. ఆచారమూ నిలబడుతుంది, ఆడపిల్లకు దక్కాల్సిన పాలూ దక్కుతాయి.

ఇక నాలుగో అడ్డంకి పని. మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

పత్తి తీతలు, మిరప కోతలు, పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు పని, గ్రేడింగ్, రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే పని. ఇదంతా ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీద నడిచేదే. పడమటి ప్రకాశం నుంచి మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే గుంటూరు వైపు వలస వెళతాయి. రోజు కూలి మీద బతికే తల్లికి ప్రసూతి సెలవు ఎక్కడిది? 2017లో సవరించిన ప్రసూతి చట్టం 26 వారాల సెలవు ఇవ్వమంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని అంది. మంచి చట్టం. ఆటో ఎక్కి చేనికి వెళ్లే అమ్మాయికి మాత్రం అది అందడం లేదు. ఆమె బిడ్డను ముసలమ్మకు అప్పజెప్పి తెల్లవారుజామున వెళుతుంది. మధ్యాహ్నానికి రొమ్ములు నిండి, జాకెట్టు తడిసి, సలుపుతూ ఉంటాయి. పాలు గట్టు మీద పిండేసుకుని మళ్లీ సాలులోకి దిగుతుంది. ఇంటి దగ్గర బిడ్డ సీసా పాలు తాగుతుంది.

ఆ తల్లికి నేను చెప్పేది ఇది. పిండి పారబోసే ఆ పాలను ఇంట్లో ఉంచి వెళ్లవచ్చు. తెల్లవారి బిడ్డకు పట్టాక, సబ్బుతో చేతులు కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలోకి పిండి మూత పెట్టండి. చల్లని నీడపట్టున ఉంచితే నాలుగు గంటల వరకూ పట్టవచ్చు. ఎండలు మండే రోజుల్లో ఇంకా ముందే పట్టెయ్యాలి. ఫ్రిజ్ ఉంటే ఒక రోజు ఉంటాయి. తీశాక పొయ్యి మీద కాచకూడదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి చలవ విరవాలి. పట్టడానికి సీసా వద్దు. మన ఇళ్లలో అటక మీద ఉగ్గుగిన్నె ఉంటుంది, దింపండి. మరిగే నీళ్లలో కడగడం తేలిక, మూలల్లో మురికి చేరదు. సీసా పీకకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము పట్టడానికి మొరాయిస్తుంది. ఉగ్గుగిన్నెతో ఆ బాధ లేదు. సాయంత్రం ఇంటికి రాగానే, రాత్రంతా బిడ్డను పక్కలోనే పడుకోబెట్టుకుని అడిగినప్పుడల్లా ఇవ్వండి.

మిరప కోతకు వెళ్లే తల్లులు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. దినమంతా కాయ కోసిన చేతుల్లో ఘాటు గోళ్ల సందుల్లో, వేళ్ల గీతల్లో ఉండిపోతుంది. ఇంటికి వచ్చీ రాగానే బిడ్డను ఎత్తుకుని రొమ్ము పట్టిస్తారు. బిడ్డ కెవ్వున ఏడుస్తుంది, మూతి ఎర్రబడుతుంది. ‘పాలు మండుతున్నాయి, పాలు వేడి చేశాయి’ అని పాలు మాన్పిస్తారు. మంట పాలది కాదు తల్లీ, చేతులది. మిరపలోని కారం నీళ్లకు వదలదు, నూనెకు వదులుతుంది. ముందు చేతులకు కొబ్బరినూనె పట్టించి, వేళ్ల సందులన్నీ రుద్ది, పాతగుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. చేనిలో కట్టిన చీర మార్చి, రొమ్ము తడిగుడ్డతో తుడుచుకుని అప్పుడు పట్టండి. పురుగుమందు కొట్టిన చేనికి వెళ్లినా ఇంతే. పొగాకు పనిలో అయితే తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి వెళుతుంది, పాలలోకీ చేరుతుంది. చంటిబిడ్డ తల్లిని పచ్చాకు పని నుంచి తప్పించి వేరే పనికి పెట్టండి. రైతులకూ, మేస్త్రీలకూ ఇది నా విన్నపం.

ఇక డబ్బాల విషయం. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బా పాల ప్రచారానికి కళ్లెం వేసే నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అవునన్నాయి, కాదన్నది ఒక్క అమెరికా. మన దేశం 1992లో చట్టమే చేసి, 2003లో దాన్ని ఇంకా బిగించింది. పాలడబ్బాలకూ, సీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకు ఉచిత శాంపిళ్లు పంచకూడదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ వెయ్యకూడదు. ఎవరైనా డిశ్చార్జి నాడు చేతిలో డబ్బా పెడితే, అది కానుక అనుకోకండి. ఇంటికి వచ్చాక ఆ డబ్బాను నెలంతా నడపడానికి పొడి తగ్గించి, నీళ్లు పెంచి పలచగా కలిపే ఇళ్లు ఎన్నో. ఆ నీళ్లతో విరోచనాలు, ఆ పలచదనంతో బక్కచిక్కడం. తల్లిపాలు అందరు పిల్లలకూ సరిగ్గా అందితే ప్రపంచంలో ఏటా 8 లక్షల 20 వేలకు పైగా పసిప్రాణాలు నిలుస్తాయని 2016లో లాన్సెట్ వైద్య పత్రిక అంచనా వేసింది.

ఇదంతా చెప్పాక, ఎన్ని ప్రయత్నాలు చేసినా పాలు రాని తల్లులతో కూడా మాట్లాడాలి. థైరాయిడ్ లోపమో, కాన్పులో నెత్తురు ఎక్కువ పోవడమో, మాయ ముక్క లోపల మిగిలిపోవడమో, రొమ్ము నిర్మాణంలోనే తక్కువ ఉండడమో కారణం కావచ్చు. వీటిలో కొన్నిటికి వైద్యం ఉంది. లేనప్పుడు డాక్టరు సలహాతో, శుభ్రంగా, సరైన పాళ్లలో పోతపాలు పట్టడం తప్పు కాదు. మీరు తక్కువ తల్లి కారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కోసం తల్లిపాల బ్యాంకులు కూడా వచ్చాయి. ఆసియాలో మొదటిది 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ నెలకొల్పారు. మన తెలుగు నేల మీద హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ ఉంది. ఎక్కువ పాలున్న తల్లి ఇస్తే, వాటిని శుద్ధిచేసి, అవసరమైన పసికందులకు పడతారు. ఒంగోలులాంటి చోట్ల కూడా ఇటువంటివి రావాలని మనం అడగాలి.

కాన్పయ్యాక కారణం లేకుండా ఏడుస్తూ, నిద్ర పట్టక, బిడ్డ మీద మనసు నిలవక కుమిలే తల్లులు ఉంటారు. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పి ఊరుకోకండి. అది జబ్బు, మందులూ మాటసాయమూ రెండూ కావాలి. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తమ్ముళ్లూ, బిడ్డల తండ్రులూ, ‘ఇది ఆడవాళ్ల సంగతి’ అని రేడియో కట్టెయ్యకండి. మీరు పాలివ్వలేరు, నిజమే. రాత్రి బిడ్డ లేచినప్పుడు మీరు లేచి, గుడ్డ మార్చి, తల్లి పక్కకు అందించవచ్చు. పాలయ్యాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తట్టవచ్చు. ఆమె పాలిస్తున్నంతసేపు పక్కన మంచినీళ్ల చెంబు పెట్టవచ్చు. ఎవరైనా ‘పాలు చాలడం లేదు’ అంటే, ‘మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం’ అని ఒక్క మాట మీ నోటి నుంచి వస్తే, ఆమెకు కొండంత ధైర్యం.

ఊరి పెద్దలకు, సర్పంచులకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు చివరిగా ఒక పని అప్పజెబుతాను. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో తల్లులకు పాలిచ్చే గదులు ఉండాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గుర్తుచేసింది. మన బస్టాండులో, మన స్టేషన్లో ఆ గది ఉందా, ఉంటే తాళం తీసి ఉందా, తెలుసుకుని అడగండి. ఇక చేల సంగతి. ఈ ఏడు మిరప కోతలు మొదలయ్యేలోగా మీ ఊళ్లో కోతలకు వెళ్లే చంటిబిడ్డల తల్లులు ఎంతమందో లెక్క రాసుకోండి. వాళ్లను ఒకే ముఠాగా కట్టి, ఊరికి దగ్గర చేలల్లోనే పని ఇప్పించండి. చేని గట్టున ఒక పరదా, ఒక పట్టా, నీళ్ల బిందె, పిల్లల్ని చూసుకోవడానికి ఒక పెద్దావిడ. ఆమెకు కూలి రైతులంతా తలా కొంత వేసుకుంటే పెద్ద ఖర్చేం కాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తల్లికి పావుగంట చొప్పున విడుపు ఇవ్వండి, దానికి కూలి కోయకండి. ఒక్క ఊళ్లో ఒక్క కోతల కాలం ఇలా నడిపి చూడండి. చూసి పక్క ఊరు నేర్చుకుంటుంది.